ఓబులమ్మకు పోయిన గంటంబావు

శనివారం పదకొండు గంటలప్పుడు ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, మందుల షాపు పక్కనున్న మెట్లమీద రెండు జతల చెప్పుల చప్పుడు వినిపించింది. అందులో ఒక జత మెట్టు మెట్టుకూ ఆగి వస్తోంది. నిరోష కంప్యూటర్ మీదనుంచి తలెత్తేసరికి గుమ్మంలో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, ఆమె మోచెయ్యి పట్టుకుని నలభై అయిదేళ్ళ సన్నటి మనిషి నిలబడి ఉన్నారు. పెద్దావిడకు చూపు లేదు.

"డిటెక్టివ్ నరసయ్య ఉండేది ఈడేనా?" అని ఆమె అడిగింది.

పెంచలనరసయ్య లేచి తనే కుర్చీ జరిపాడు. ముప్పై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి ఆయన. టికెట్ తీయనివాడి ముఖం ఎట్లా ఉంటుందో, తీసి పారేసుకున్నవాడి ముఖం ఎట్లా ఉంటుందో తెలిసిన కళ్ళు ఆయనవి. ఆ కళ్ళ మీద నమ్మకంతోనే నిరోష రెండేళ్ళ కిందట బ్యాంకు పరీక్షలు మానేసి ఈ ఆఫీసులో చేరింది.

"నా పేరు ఓబులమ్మ. మాది ఉదయగిరి. మా బీరువాలో కాసులపేరు పోయింది," అంది పెద్దావిడ. పక్కనున్న మనిషి చెయ్యి తడిమి పట్టుకుంది. "తీసింది ఈమేనని మావాళ్ళంటుండారు. పేరు రాహేలమ్మ. ఈమె తోడు లేకుండా నేను బస్సెక్కలేను. అందుకని ఈమెనే తీసుకొచ్చినాను."

నిరోష చేతిలో పెన్ను ఆగిపోయింది. దొంగ అని పేరు పడ్డ మనిషే సొమ్ము పోగొట్టుకున్న మనిషిని నడిపించుకుంటూ డిటెక్టివ్ దగ్గరికి రావడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఓబులమ్మ చెప్పిన సంగతి ఇది. నీటికాసుల జబ్బుతో ఆమె చూపు పోయి ఎనిమిదేళ్ళయింది. భర్త లేడు, పిల్లలు లేరు. చెరువు కింద పల్లెనుంచి రాహేలమ్మ పొద్దున్నే వచ్చి వండిపెట్టి సాయంత్రం వరకూ ఉంటుంది. మిగతా తోడంతా రేడియో. అదీ పాటల రేడియో కాదు, తెలుగువాళ్ళందరికీ కలిపి ఒక్కటిగా వచ్చే మాటల రేడియో. అందులో ఆరింటికి సేద్యం, ఏడింటికి వార్తలు, ఎనిమిదింటికి పెద్దమనుషులతో ముచ్చట్లు, తొమ్మిదింటికి డాక్టరు, పదింటికి ఆడవాళ్ళ చర్చ, పదకొండింటికి పుస్తకం చదవడం, పన్నెండింటికి మళ్ళీ వార్తలు. మధ్యాహ్నం రెండింటికి నాటకం, మూడింటికి లాయరు సలహాలు. గోడ గడియారం కనిపించని మనిషికి ఆ కార్యక్రమాలే గడియారం. అది మోగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు.

గురువారం పుస్తకం చదవడం మొదలైన పదినిమిషాలకు పక్కగదిలో బీరువా తలుపు కిర్రుమంది. ఉతికిన చీరలు సర్దడానికి రాహేలమ్మే తీసిందని ఆమె పట్టించుకోలేదు. శుక్రవారం పూజకు నగల పెట్టె తడిమితే కాసులపేరు లేదు. అత్తగారి అత్తగారినాటి నగ అది.

"పదకొండూ పదికి ఇంట్లో ఇంకెవరున్నారు?" అని నరసయ్య అడిగాడు.

"ఈమొక్కతే."

"నేను బీరువా ముట్టుకోలేదయ్యా," అంది రాహేలమ్మ. ఇక ఏం చెప్పినా వృథా అన్నట్టు కిటికీలోంచి బస్సుల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఓబులమ్మ గొంతు తగ్గించింది. "నా చెవి అబద్ధం చెప్పదు నాయనా. ఈమె కూడా చెప్పదు. రెండూ ఎట్ట నిజమైతాయో నాకు అర్థం కాలేదు. మా మరిది కొడుకు రాజమోహన్ శుక్రవారం సాయంత్రం ఈమె పల్లెకు పోయి, అందరి ముందర దొంగ అని అరిచొచ్చినాడు. సోమవారం పొద్దునలోగా నగ తెచ్చియ్యకపోతే పోలీసు కేసు పెడతాడంట."

తరవాత ఆమె ఇంకో సంగతి చెప్పింది. అది చెప్పేటప్పుడు నగ గురించి చెప్పినప్పటికంటే ఎక్కువ విసుగు కనబడింది. గురువారం మధ్యాహ్నం నాటకంలో జడ్జి తీర్పు చెప్పబోతుండగా స్పీకరులో చార్జింగ్ అయిపోయింది. రాహేలమ్మ దాన్ని కరెంటుకు తగిలించి, ఫోనులో మళ్ళీ మొదటినుంచి తెరిచి పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. అప్పటికి లాయరు సలహాలు అయిపోవస్తున్నాయి.

"అయిదు నిమిషాల్లో గంటంబావు ఎట్ట పోతాది? నిద్రపోయింటావు పెద్దమ్మా అంటాడు రాజమోహన్. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండాను. నా గంటంబావు ఏమైందో చెప్పేవాళ్ళు లేరు."

నిరోష కాగితంమీద ఆ మాట రాసి కొట్టేసింది. నరసయ్య మాత్రం ముందుకు వంగాడు. రేడియో ఫోనులో వస్తుందా అని అడిగాడు. పాత సెట్టు మూలపడితే నెల కిందట రాజమోహనే కొత్త ఫోను, స్పీకరు కొనిచ్చాడనీ, తమ ఇంటి మిద్దెమీద అద్దెకుండే సెల్‌షాపు శ్రీకాంత్ అన్నీ బిగించిపెట్టాడనీ ఓబులమ్మ చెప్పింది. "దీనితో ఒక సుఖముండాది. ముందు ఎవరన్నా ఫోను చేస్తే సగం కార్యక్రమం పోయేది. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఒక్క ముక్క పోదు."

ఆ రోజు ఇంకేమైనా తేడాగా అనిపించిందా అని ఆయన అడిగితే, అన్నం ముందే పెట్టేసిందని ఓబులమ్మ అంది. పన్నెండింటి వార్తలు అట్లా అయ్యాయో లేదో కంచం ముందరికొచ్చింది. ఆకలి మాత్రం మామూలు కంటే ఎక్కువగానే ఉంది. రాహేలమ్మ తలతిప్పి, రోజూ మాదిరే పన్నెండింటికి పల్లెకు పోయి తన తల్లికి అన్నం పెట్టి, ఒకటింబావుకు తిరిగొచ్చి, ఒకటిన్నరకు అమ్మకు పెట్టానంది. రేడియో మోగుతుండగా మాట్లాడకూడదు కాబట్టి చెప్పకుండానే వెనక తలుపు దగ్గరగా వేసి వెళ్తుంది.

"ఇదిగో, ఈడే వస్తాది తంటా," అంది ఓబులమ్మ. "ఈ తేడా పట్టుకునే, అబద్ధమాడతుండావని రాజమోహన్ ఈమెను నిలదీసినాడు."

నరసయ్య చివరగా ఒకటే అడిగాడు. గురువారం చదివిన పుస్తకం ఏమిటని. బావి తవ్వే వడ్డెవాళ్ళ కథ అనీ, ఆ రోజే కొత్తగా మొదలైందనీ ఆమె చెప్పింది. ఈ కథ సంగతి ఇంకెవరికైనా చెప్పారా అంటే, "ఎవరడిగినారు నాయనా?" అంది.

* * *

ఆ మధ్యాహ్నం నరసయ్య, నిరోష ఆత్మకూరులోనే ఉన్న రాజమోహన్ ఎరువుల షాపుకు వెళ్ళారు. యాభై ఏళ్ళ నిండైన మనిషి, మర్యాద తెలిసినవాడు. మజ్జిగ తెప్పించాడు. గురువారం పదిన్నరనుంచి ఒంటిగంట దాకా కాలవ నీళ్ళ గురించి రైతుల మీటింగు జరిగిందనీ, అక్కడే భోంచేశాననీ చెప్పాడు. పెద్దమ్మను తన ఇంటికి వచ్చి ఉండమని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నా, ఆ పనిమనిషిని వదిలి రాదని వాపోయాడు.

"నగ కూడా దానికే ఇస్తుందని ఊళ్ళో అనుకుంటుండారు. ఇచ్చేదాకా కూడా ఆగలేకపోయింది చూడండి."

"మీరూ ఆ రేడియో వింటారా?" అన్నాడు నరసయ్య.

"నాకాడ అంత ఓపికేడుంది? మా పెద్దమ్మకే అదంతా. బావి తవ్వే కథలో మునిగిపోయి ఉంటే పక్కన పిడుగు పడినా వినిపించుకోదు. దొంగకు అంతకంటే ఏంగావాల?"

అక్కడినుంచి నిరోష ఒక్కతే మీటింగు జరిగిన కల్యాణమండపానికి వెళ్ళింది. మనసులో ఆమెకు రాజమోహన్ మీదే అనుమానం. రిజిస్టరులో అతని సంతకముంది. రైతుల వాట్సాప్ గ్రూపులో పదకొండూ పన్నెండు నిమిషాలకు పెట్టిన ఫొటోలో అతను వేదికమీద మైకు పట్టుకుని ఉన్నాడు. ఆత్మకూరునుంచి ఉదయగిరికి కారులో ఎంత తోలినా గంట పైన పడుతుంది. బీరువా తలుపు తెరుచుకున్న నిమిషంలో అతను అరవైమంది ఎదుట ఉపన్యాసమిస్తున్నాడు. ఆమె ఫోను మూసి బ్యాగులో పడేసింది.

ఆదివారం ఇంకా విసుగు. ఉదయగిరి బస్సు గంట ఆలస్యం. మిద్దెమీద శ్రీకాంత్ వాటా తాళం వేసి ఉంది. ఎండలో అరగంట నిలబడ్డాక వచ్చాడు. గురువారం పదకొండింటికి ఎక్కడున్నావంటే మిద్దెమీద నిద్రపోయానన్నాడు, సాక్షి ఎవరూ లేరన్నాడు. పన్నెండు కొట్టకముందే షాపు తెరిచాడు, దానికి మాత్రం బజారంతా సాక్షి. పల్లెలో అయితే పన్నెండుంబావునుంచి ఒంటిగంట దాకా రాహేలమ్మను చూశామని పదిమంది చెప్పారు. పదకొండూ పదికి ఎక్కడుందో చెప్పమంటే మాత్రం, పనిలో ఉంటాది గదా అన్నారు. తనకు కావలసిన సమయానికి ఒక్కరూ పనికిరారు. అక్కరలేని సమయానికి ఊరంతా సాక్షులే.

నరసయ్య ఈలోగా ఓబులమ్మ ఫోను తీసుకుని, ఎవరెవరు ఎప్పుడు చేశారో చూసి, చిన్న చీటీమీద రెండంకెలు రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ చీటీ ఏమిటని నిరోష రెండుసార్లు అడిగింది. ఆయన చెప్పలేదు.

తిరుగు బస్సులో ఆమె ఆగలేకపోయింది. "అందరూ నిజమే చెప్తుండారు సార్. ఒక్కరి మాటలోనూ తప్పు దొరకలేదు. అట్టయితే రాహేలమ్మే తీసిందని ఒప్పుకోవాల్సిందే గదా. నాకు మాత్రం మనసొప్పడంలేదు."

"అందరూ నిజం చెప్తుంటే గడియారం అబద్ధం చెప్తుండాదని అర్థం," అన్నాడు నరసయ్య. "ఆ మీటింగు ఫొటోలు అన్నీ చూసినావా, పదకొండూ పన్నెండుది ఒక్కటేనా?"

నిరోష ఫోను తీసి మళ్ళీ చూసింది. చూసినకొద్దీ ముఖం వేడెక్కింది. భోజనాల ఫొటోలు ఎనిమిది ఉన్నాయి. వేదికమీది వాళ్ళందరూ వరసగా ఆకుల ముందు కూర్చున్నారు. రాజమోహన్ ఒక్కదానిలోనూ లేడు. నిన్న తను పదకొండూ పదినే వెతికింది కాబట్టి, అది దొరకగానే ఫోను మూసేసింది.

* * *

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఓబులమ్మ ఇంటి హాల్లో అందరూ చేరారు. ఫిర్యాదు కాగితం రాసుకొచ్చిన రాజమోహన్ కుర్చీలో, శ్రీకాంత్ గుమ్మం దగ్గర, రాహేలమ్మ గోడవారగా కిందకూర్చుని ఉన్నారు. నరసయ్య తను తెచ్చిన చిన్న ట్రాన్సిస్టరును ఓబులమ్మ స్పీకరు పక్కనపెట్టి అదే స్టేషను పెట్టాడు. రెండింటిలోనూ ఒకే డాక్టరు మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతున్నాడు. ఫోనుది ఒక మాట వెనకగా వస్తోంది, అంతే.

ఆయన సైగ చేయగానే నిరోష వెనక గదిలోకి వెళ్ళి ఓబులమ్మ నంబరుకు ఫోను చేసింది. స్పీకరులో డాక్టరు ఆగిపోయాడు. ట్రాన్సిస్టరులో డాక్టరు చెప్పుకుంటూ పోయాడు. నరసయ్య ఫోను ఎత్తి, రెండు నిమిషాలు ఆగి కాల్ పెట్టేయించాడు. స్పీకరులో డాక్టరు, ఆగిన వాక్యం దగ్గరినుంచే మళ్ళీ అందుకున్నాడు. ఇప్పుడు గదిలో ఇద్దరు డాక్టర్లు, ఒకరికొకరు రెండు నిమిషాల దూరంలో మాట్లాడుతున్నారు.

ఓబులమ్మ తల నెమ్మదిగా ఒకదానినుంచి ఇంకొకదానికి తిరిగింది. అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది.

నరసయ్య రెండూ ఆపేసి చెప్పడం మొదలుపెట్టాడు. పాత రేడియోకు ఆగడం తెలియదు. ఈ ఫోను రేడియోకు తెలుసు. ఫోను వస్తే ఆగి, అయిపోయాక వదిలిన చోటే మొదలవుతుంది. ఒక్క ముక్క పోదు నిజమే, కానీ ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వెనకబడుతుంది. గురువారం ఎనిమిదింటికి ఒక కాల్ వచ్చింది, ముప్పై నాలుగు నిమిషాలు. తొమ్మిదీ ఇరవైకి ఇంకొకటి, నలభై ఒక్క నిమిషం. రెండూ కలిపితే గంటంబావు. ఆ తర్వాత ఈ ఇంట్లో రేడియో చెప్పిన ప్రతి సమయమూ అసలు సమయానికి గంటంబావు వెనక. వార్తలు ముగిశాక పన్నెండుంబావుకు అన్నం తిన్నాననుకున్నది ఒకటిన్నరకు తిన్నది. అందుకే అంత ఆకలి. మధ్యాహ్నం చార్జింగు పోయి రాహేలమ్మ మళ్ళీ మొదటినుంచి తెరిచేసరికి రేడియో అసలు సమయానికి దూకింది. పోయిన గంటంబావు అప్పుడు బయటపడింది.

"కాబట్టి బీరువా తలుపు చప్పుడు పదకొండూ పదికి కాదు, పన్నెండూ ఇరవై అయిదుకు. ఆ సమయానికి రాహేలమ్మ పల్లెలో ఉన్నట్టు పదిమంది సాక్షులుండారు. వెనక తలుపు దగ్గరగా వేసే ఉంది."

"అట్టయితే శ్రీకాంతే," అన్నాడు రాజమోహన్ తొణక్కుండా. "ఫోను బిగించింది వాడే. దీని మర్మమంతా వాడికే తెలుసు."

శ్రీకాంత్ బెదిరిపోయాడు. ఫోను కొన్నరోజే ఈ సంగతి రాజమోహన్ సార్‌కు కూడా చూపించానని గొణిగాడు.

"శ్రీకాంత్ కాదు," అన్నాడు నరసయ్య. "కాలాన్ని వెనక్కి జరిపినవాడు, ఆ జరిపిన సమయానికి తను వేరేచోట నలుగురిలో ఉండేట్టు చూసుకుంటాడు. లేకపోతే అంత కష్టం దేనికి? పదకొండూ పదికి శ్రీకాంత్‌కు ఒక్క సాక్షీ లేడు. అసలు సమయానికి అతను బజార్లో షాపులో ఉండాడు. మీకేమో పదకొండూ పదికి అరవైమంది సాక్షులు. భోజనాల ఫొటోల్లో మాత్రం మీరు లేరు. ఆ రెండు కాల్సూ చేసింది మీరే."

"పెద్దమ్మతో మాట్లాడితే దొంగతనమా?"

"కాదు. నాకు ఇంకో సందేహముండాది. రేడియో వినే ఓపిక లేదన్నారు. బావి తవ్వే కథ గురించి మీకెట్ట తెలిసింది? అది గురువారమే మొదలైంది. అసలు పదకొండింటికి వచ్చినప్పుడు మీరు మీటింగులో ఉండారు. ఓబులమ్మగారు ఎవరికీ చెప్పలేదు. ఇదే ఇంట్లో, పన్నెండున్నరప్పుడు, ఆ స్పీకరులో మళ్ళీ వచ్చింది. బీరువా ముందు నిలబడి విన్నారు."

రాజమోహన్ ఫిర్యాదు కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. రాహేలమ్మ పోతే పెద్దమ్మ తన ఇంటికి వస్తుందనీ, ఆమెతోపాటు ఈ ఇల్లూ నగా తన వైపే ఉంటాయనీ లెక్కవేసుకున్నాడని నరసయ్య చెబుతున్నా అతను తలెత్తలేదు.

ఓబులమ్మ అతని వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు.

"రాజా, గురువారం పొద్దున నువ్వు ఫోను చేసి మీ పెద్దనాయన గురించి అడిగినావు. ఆయన మొదటిసారి ట్రాక్టరు తెచ్చిన సంగతి, బావిలో పడ్డ ఎద్దును పైకి తీసిన సంగతి, అన్నీ చెప్పించుకున్నావు. ఆయన పేరెత్తి నన్నడిగినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. నువ్వు వినాలనే అడిగినావా?"

రాజమోహన్ కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో ఉండాది, పెద్దమ్మా," అన్నాడు చివరికి.

ఆమె అడిగింది నగ గురించి కాదని హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

నిరోషకు గెలిచినట్టు అనిపించలేదు. పోలీసులకు చెబుదామని ఆమె అంటే, వద్దని ఓబులమ్మ తల ఊపింది. ఆ వద్దనడం చూసి నిరోషకు ఒళ్ళు మండింది. రాహేలమ్మ తీసుంటే ఇదే ఇంటినుంచి ఇదే కాగితం ఈపాటికి స్టేషనుకు చేరి ఉండేది.

అప్పుడు రాహేలమ్మ లేచి నిలబడింది.

"నాకూ కేసొద్దు. ఆయన పల్లెలోకొచ్చి, అందరి ముందర నన్ను దొంగన్నాడు. మూడురోజులనుంచి నన్ను పలకరించేవాళ్ళు లేరు. ఆ నోటితోనే వచ్చి, కాదని చెప్పమనండి."

"పోతాడు," అంది ఓబులమ్మ. "ఇప్పుడే పోతాడు." ఆ తర్వాత తడబడుతూ, "నేనూ నా చెవిని నమ్మినాను గానీ నిన్ను పూర్తిగా నమ్మలేకపోయినాను మే. రేపటినుంచి వస్తావా?" అని అడిగింది.

"ఆలోచించుకుంటానమ్మా," అంది రాహేలమ్మ. చేరదీసినట్టూ కాదు, విదిలించినట్టూ కాదు.

పదకొండు గంటల ఎండలో అందరూ పల్లెకు నడిచారు. చెరువులో వలలు వేసినవాళ్ళు గట్టెక్కి వచ్చారు, కూలికి పోనివాళ్ళు గుడిసెల ముందుకొచ్చారు. రాజమోహన్ నేలకేసి చూస్తూ, రాహేలమ్మ తప్పేమీ లేదనీ, నగ తన దగ్గరే ఉందనీ గబగబా అనేసి వెనక్కి తిరిగాడు.

రాహేలమ్మ అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఆ చివర ఉన్నోళ్ళకు వినపడలా. మొన్న గట్టిగా చెప్పినావే, అట్ట చెప్పు."

రాజమోహన్ మెడమీద చెమట తుడుచుకున్నాడు. తర్వాత తలెత్తి, శుక్రవారం అరిచినంత గట్టిగా, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.